పేరుకు మూడున్నర

కాలేజీ, ల్యాబ్ పక్క గది
ఫిబ్రవరి 9

వదినకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? గట్టిగా చెప్పు" అంటావు. గట్టిగా చెబితే గోడ అవతల గుమాస్తా వింటాడు. పాతికేళ్ళు మోటార్ల రొదలో కూర్చుని నీ చెవులు మొద్దుబారాయి, ఆ పుణ్యమా అని నాకు మళ్ళీ ఉత్తరాలు రాయడం అలవాటైంది. ఈసారి సంగతి ఎలాగూ గట్టిగా చెప్పేది కాదు.

ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్ళ కోసం మా కాలేజీలో వారాంతపు కోర్సు ఒకటుందని చెప్పాను కదా. పోయిన శనివారం వాళ్ళకు ప్రోగ్రామింగ్ పరీక్ష జరిగింది. మేమొక లెక్క ఇస్తాం, వాళ్ళు ప్రోగ్రాం రాస్తారు, అది ఆ కంప్యూటర్ మీదే పది సెకన్లలో జవాబు తేల్చాలి. పదకొండో సెకను పడిందా, సున్నా. పొద్దున ముప్ఫైమంది రాశారు, ముగ్గురు తప్పారు. మధ్యాహ్నం ముప్ఫై ఒక్కరు రాశారు, ఇరవై రెండు మంది తప్పారు. ఇరవై రెండు మందికీ తెర మీద ఒకటే మాట: సమయం మించింది.

అందులో బస్సు కండక్టరు ఒకావిడ ఉంది. నాకంటే రెండేళ్ళు చిన్న. బస్సులో నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కి ల్యాబ్‌కి రావడానికే పది నిమిషాలు పడుతుంది. వాళ్ళ డిపోలో బస్సుల రాకపోకలు చూసే గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఈ పరీక్ష పాసైన కాగితం ఏప్రిల్ పదిలోగా చూపిస్తే ఆ కుర్చీ ఆవిడది. లేకపోతే ఇంకొకరిది, ఆవిడ మళ్ళీ బస్సులోకే. ఆవిడ ప్రోగ్రాం నేను ఇంటి దగ్గర నా ముసలి కంప్యూటర్ మీద నడిపి చూశాను. నాలుగు సెకన్లు పట్టింది. క్లాసు మొత్తంలో అంత శుభ్రంగా రాసినవాళ్ళు లేరు.

"కంప్యూటర్లు నెమ్మదించాయేమో సార్" అన్నాను ప్రిన్సిపాల్ గారితో. ఆయన నన్ను వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళి, ఒకదాంట్లో వివరాల పేజీ తెరిపించారు.

"చదవండి మేడమ్."

"ప్రాసెసర్ వేగం మూడున్నర గిగాహెర్ట్జ్."

"మనం ఎంత కావాలని అడిగాం?"

"మూడున్నరే సార్."

"మరింకేమిటి మీ అనుమానం?"

మూడున్నర అంటే సెకనుకి మూడు వందల యాభై కోట్ల అడుగులు వేస్తుందని లెక్క వదినా. పైగా ఇవి వచ్చినప్పుడు ఎవరో పరీక్షించి, సరిగ్గా ఉన్నాయని సంతకం కూడా పెట్టారు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. నాకే అనవసరపు అనుమానాలేమో. నాకది పుట్టుకతో వచ్చిందని నీకు తెలుసు.

రాసి ఉన్నది ఒకటి, తిరిగేది ఇంకొకటి అయితే మోటార్ల దగ్గర నువ్వేం చేస్తావు?

నీ మరదలు

*

షాపు, వెనక బల్ల
ఫిబ్రవరి 16

పంతులమ్మ మరదలికి,

కాగితం మీద మరకలు చూసి మొహం చిట్లించకు, మోటారు తీగలకి పూసే వార్నిష్. చేతులు కడుక్కుని రాద్దామంటే ఆ రోజెప్పుడూ రాదు.

మోటారు మీద రేకు ఒకటి కొట్టి ఉంటుంది, చూశావు కదా. దాని మీద 1440 అని ఉంటుంది, నిమిషానికి అన్ని చుట్లని. అది మోటారు చెప్పిన మాట కాదే. ఫ్యాక్టరీవాడు పెట్టిన పేరు. కాలి, మసైపోయి, పేగులన్నీ బయటపెట్టుకుని నా బల్ల మీద పడుకున్న మోటారుని అడుగు, రేకు మీద 1440 అనే చెబుతుంది. పేరుకు 1440! నిజంగా ఎంత తిరుగుతోందో తెలియాలంటే షాఫ్టుకి మీటరు ఆనించి చూడాలి. అది కూడా బరువు మీద తిరుగుతున్నప్పుడు. ఉత్తినే తిరిగేటప్పుడు ప్రతి మోటారూ మహారాజే.

అంతదాకా ఎందుకు, మీ అన్నయ్యని చూడు. షాపు బోర్డు మీద ప్రొప్రైటర్ అని ఆయన పేరే. పొద్దుటి నుంచి ఆయన తిరిగింది టీ కొట్టుదాకా. (ఈ ఉత్తరం ఆయనే పోస్టు చేస్తాడు, చదువుతాడు. చదవనీ.)

ఇక నీ రోగం సంగతి. పొద్దున బాగానే ఉన్నాయి, మధ్యాహ్నం చతికిలబడ్డాయి అంటున్నావు. అంటే వేడి. ఇంకేమీ కాదు. చెయ్యి పెట్టి చూశావా? పేజీ తెరిచి చూశానని రాశావు, ఇంటికి తీసుకెళ్ళి చూశానని రాశావు, చెయ్యి పెట్టి చూశానని ఎక్కడా లేదు. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. జ్వరమొచ్చినా ముందు పుస్తకం తీస్తారు.

ఇంకోటి. "ఎవరో సంతకం పెట్టారు" అని రాశావు. ఎవరో అంటే ఎవరే?

వదిన

*

కాలేజీ, ల్యాబ్ పక్క గది
ఫిబ్రవరి 24

వదినా,

చెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను.

మా ల్యాబ్ నువ్వు చూడలేదు. కంప్యూటర్ అంటే ఇక్కడ లావుపాటి పుస్తకమంత డబ్బా. ప్రతి బల్ల కిందా తలుపున్న చెక్కపెట్టె, అందులో ఈ డబ్బా. వైర్లు కనపడవు, దుమ్ము పడదు. ఎవరొచ్చి చూసినా "అబ్బ, ఎంత నీటుగా ఉంది" అంటారు. ఆ పెట్టెలు ప్రిన్సిపాల్ గారి సొంత ఆలోచన. గాలికి బెజ్జాలు పెట్టమంటారా అని వడ్రంగి అడిగితే, "అందం పోతుందయ్యా" అన్నారట. ఇది వడ్రంగే చెప్పాడు. తలుపు బిగించడానికి వచ్చినప్పుడు కూడా ఇంకోసారి అడిగాడట పాపం.

నువ్వన్న మీటరు మా దగ్గర లేదు, అందుకని తయారుచేసుకున్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యని చిన్న ప్రోగ్రాం. ఒక సెకనులో ఎంతదాకా లెక్కపెట్టగలిగిందో నిమిషానికోసారి చెబుతుంది. పరీక్షనాడు ఉన్నట్టే తలుపులన్నీ మూసి, కంప్యూటర్లన్నీ పనిలో పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి నిమిషం మూడున్నరకు తగ్గకుండా పరిగెత్తింది. పదో నిమిషానికి రెండు. నలభయ్యో నిమిషానికి ముప్పాతిక దగ్గర ఈడుస్తోంది. ఇది మధ్యాహ్నం సంగతి, పొద్దుటి చల్లదనంలో ఇదే చేస్తే రెండున్నర కిందకి దిగలేదు. కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి అది అడుగులు తగ్గించుకుంటుంది వదినా, ఎండన పడి నడిచే మనిషిలాగా. అందులో దాని తప్పేమీ లేదు.

నలభై నిమిషాలూ ఆ వివరాల పేజీ కూడా పక్కనే తెరిచి ఉంచాను. మూడున్నర. మూడున్నర. మూడున్నర. రెప్ప కూడా వాల్చలేదు.

ఎందుకంటే ఆ పేజీ దేన్నీ కొలవదు. ప్రాసెసర్‌ని "నీ పేరేమిటి?" అని అడుగుతుంది, అంతే. దాని పేరులోనే, ఇంటిపేరులాగా, మూడున్నర అని ఫ్యాక్టరీలోనే రాసి పంపేశారు. ఇప్పుడు నిజంగా ఎంత వేగంతో నడుస్తోందో చూపించే చోట్లు వేరే ఉన్నాయి. మేము ఎప్పుడూ తెరిచేది మాత్రం ఈ పేజీనే. నువ్వు పేరుకు అని రాశావే, ఆ మాట ఇంత అక్షరాలా నిజమవుతుందని నీకు కూడా తెలిసి ఉండదు. ఇదేమీ కొత్త విషయం కాదు, ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. తెలిసి కూడా...

నిన్న కండక్టరమ్మ వచ్చింది. రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని మెట్లెక్కింది.

"మేడమ్, నా ప్రోగ్రాంలో తప్పెక్కడుందో చూపించండి. కోపం లేదు, నేర్చుకుందామని."

"ఇంకా చూస్తున్నానమ్మా" అన్నాను.

"ఫరవాలేదులెండి. బస్సు లేటైతే జనం నన్నే తిడతారు, రోడ్డుని ఎవరూ తిట్టరు. అలవాటే."

తప్పు లేదని ఆవిడకు చెప్పలేకపోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు చెప్పలేదో నాకే సరిగా తెలియదు.

నీ మరదలు

*

షాపు
మార్చి 2

ఏమే,

అంత పొడుగు ఉత్తరం రాశావు. పెట్టెలు, వడ్రంగి, ముప్పాతిక, ఇంటిపేరు, అన్నీ ఉన్నాయి. నేనడిగిన ఒక్క ముక్కకి జవాబు లేదు. "తెలిసి కూడా" అని రాసి చుక్కలు పెట్టావు. ఆ చుక్కల్లో ఉన్నది నీ సంతకమే కదూ?

నా దగ్గర కూడా దాస్తావా? నేనేమైనా మీ ప్రిన్సిపాల్‌నా?

సరే, నాది కూడా విను. తొమ్మిదేళ్ళ కిందట పిండిమర ఆయన మోటారు తెచ్చాడు. కొత్తగా తీగ చుట్టాను, బల్ల మీద ఉత్తినే తిప్పాను, బ్రహ్మాండంగా తిరిగింది. బరువు పెట్టి చూడాలి. ఆరోజు ఓపిక లేదు, ఇంటికి చుట్టాలొచ్చారు. "పరీక్షించాం" అని చీటీ కట్టి పంపేశాను. మూడో రోజు కాలిపోయింది. మోసుకుని తెచ్చాడు. "మీ ఏరియాలో కరెంటు సరిగా లేదండీ" అన్నాను. కరెంటుకి నోరు లేదు కదా, దాని మీదకి తోసేశా. మళ్ళీ చుట్టిచ్చాను, పట్టుకెళ్ళాడు, తర్వాత ఎప్పుడూ రాలేదు. అదేం బాధ కాదు. రోడ్డు మీద కనబడితే ఇప్పటికీ నమస్కారం పెడతాడు. అదే బాధ. మీ అన్నయ్యకి కూడా ఇది తెలియదు, ఇప్పుడు చదివి తెలుసుకుంటాడు.

నేను మోటారుకి చేసింది నువ్వు మనుషులకి చెయ్యబోతున్నావు. చుక్కలు తీసేసి మాట రాయి.

వదిన

*

ఇల్లు, వంటగది బల్ల
మార్చి 11

వదినా,

అవును. నాదే.

పోయినేడు కంప్యూటర్లు నలభై ఒకేసారి వచ్చాయి. అప్పటికింకా పెట్టెల్లో పెట్టలేదు, వరండాలో పొడుగు బల్లల మీద వరసగా పేర్చారు. ఒక్కోటి ఆన్ చేశాను, పేజీ తెరిచాను, మూడున్నర అని చదివాను, టిక్కు పెట్టాను. ఒక్కోదానికి అరనిమిషం. భోజనం వేళకి అయిపోయింది. ఫారంలో ముందే అచ్చేసి ఉంటుంది: "వేగము సరిచూడబడినది". సరిచూడబడినదట! ఎవరు చూశారు, ఎలా చూశారు, ఆ మాటలో మనిషే లేడు. ఆ లేని మనిషి కింద నా సంతకం, పొడి అక్షరాలు కూడా కాదు, పూర్తి సంతకం.

నీ దగ్గర ఎందుకు దాచానంటే, నువ్వు "చెయ్యి పెట్టి చూశావా" అంటావని. అన్నావు కూడా.

నా కొలతలన్నీ ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాను. మొన్న ఆయన పిలిచారు. కుర్చీ చూపించారు, కాఫీ తెప్పించారు. అప్పుడే భయమేసింది. ఒక కాగితం నా ముందుకి జరిపారు. "పరీక్షా సమయమున యంత్రములు నిర్దేశిత వేగముతో పనిచేసినవి. విద్యార్థుల ప్రోగ్రాములే మందకొడిగా నున్నవి." ల్యాబ్ ఇన్‌ఛార్జిగా నేను శుక్రవారంలోగా సంతకం పెట్టాలి.

"మీ కొలతలు చూశాను మేడమ్. చాలా శ్రమపడ్డారు" అన్నారు. "కానీ ఒకటి ఆలోచించండి. తీసుకున్నప్పుడు సంతకం పెట్టింది మీరు. ఇప్పుడు తప్పంటున్నదీ మీరు. రేపు శాఖకి హెడ్డుగా మీ పేరే పంపుతున్నాను. ఈ టైములో మీ మీద మీరే బురద చల్లుకుంటారా?"

బెదిరించలేదు వదినా. నిజంగానే జాలిపడ్డట్టున్నారు.

రెండు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. ఆయన అన్నది కూడా నిజమే కదా? తప్పు నాది, మరి ఇప్పుడు నీతులు చెప్పడానికి నాకేం హక్కు? ఒప్పుకుంటే అందరూ మంచిదాన్నంటారన్న ఆశ ఏ మూలో ఉందేమో, అది కూడా తిరగేసి చూసుకున్నాను. ఉంది. కొంచెం ఉంది. అయితే ఆ ఆశ ఉన్నంత మాత్రాన కండక్టరమ్మ ప్రోగ్రాం నెమ్మదిదైపోతుందా?

ఆయన కాగితం సంతకం పెట్టకుండానే తిరిగి ఇచ్చేశాను. దాని మీద నాది ఒకటి పెట్టాను. రెండే వాక్యాలు. "ఈ యంత్రాల వేగాన్ని నేను చదివాను, కొలవలేదు. కొలిచాక తేలినదాని ప్రకారం మధ్యాహ్నం ఫలితాలు చెల్లవు." పరీక్షల కమిటీ ముందు చూపిస్తానని కింద రాశాను.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "కాఫీ చల్లారిపోతోంది" అన్నారు.

తాగకుండా వచ్చేశాను. హెడ్డు పదవి పోతుందన్న దిగులు మాత్రం ఉంది, అది కూడా రాస్తున్నాను, చుక్కలు లేకుండా.

నీ మరదలు

*

షాపు, వెనక బల్ల
మార్చి 15

మా పంతులమ్మకి,

కాఫీ వదిలేసి వచ్చావా! మీ అన్నయ్య ఆ ముక్క రెండుసార్లు చదివి, "మా చెల్లెలు" అని టీ కొట్టులో అందరికీ చెప్పొచ్చాడు. ఇవాళ్టికి ఆయన చేసిన పని అదే.

కమిటీ ముందు ఉపన్యాసం ఇవ్వకు. నువ్వు మొదలుపెడితే "ఒకవేళ", "బహుశా", "నాకు తెలిసినంతలో" అని పది చోట్ల ఆగుతావు, వాళ్ళు ఆ సందుల్లోంచి జారిపోతారు. మాటలొద్దు. వాళ్ళ చేతే చెయ్యి పెట్టించు. నోటికి ఎదురు చెప్పొచ్చు, బొబ్బకి ఎదురు చెప్పలేరు.

పిండిమరకి వెళ్ళాను. నీకు ఉత్తరం రాసి ఊరుకుంటే ఎలా అనిపించింది. "ఆ రోజు తప్పు కరెంటుది కాదు, నాది" అన్నాను. "ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను. మొదటిసారి వినపడక, రెండోసారి నమ్మకం కలగక. మరి ఇన్నాళ్ళూ నమస్కారం ఎందుకు పెట్టావయ్యా అంటే, "ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా" అన్నాడు. పెద్ద ముదురు! తిట్టి వచ్చాను.

వదిన

*

కాలేజీ, స్టోర్ రూమ్
ఏప్రిల్ 19

వదినా,

పైన చిరునామా మారింది చూశావా. అక్కడికి వస్తాను.

కమిటీ నెలాఖరున కూర్చుంది. ప్రిన్సిపాల్ గారు, రిటైర్మెంటుకి దగ్గరపడిన పరీక్షల అధికారిణి, బయటి నుంచి లెక్కల ప్రొఫెసరు ఒకాయన. నువ్వు చెప్పినట్టే నోరు కట్టేసుకున్నాను. గంట ముందే తలుపులు మూసి కంప్యూటర్లు పనిలో పెట్టాను. వాళ్ళు రాగానే పేజీ తెరిచాను.

"మూడున్నర. ఉన్నది ఉన్నట్టే ఉంది కదా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"మేడమ్, ఒక్కసారి ఆ పెట్టె తలుపు తీసి చెయ్యి పెట్టండి" అన్నాను అధికారిణితో.

పెట్టింది. "అబ్బా!" అని గాజులు గలగలలాడేలా లాగేసుకుంది. "ఇందులో పెట్టి పరీక్ష రాయించామా? నేనైతే ఇందులో రొట్టె కాల్చుకుంటాను."

తలుపు మళ్ళీ మూసి కండక్టరమ్మ ప్రోగ్రాం నడిపాను. ప్రొఫెసరు గారు చేతి గడియారం చూస్తూ బయటికే లెక్కపెట్టారు. పదిహేడు. తర్వాత తలుపులు ఊడదీయించి, ఫ్యాను పెట్టించి, పావుగంట ఆగి, అదే ప్రోగ్రాం. నాలుగు. రెండుసార్లూ పేజీ మూడున్నర అనే అంది.

"ఇది గరిష్ఠ వేగమని ఎక్కడో..." అని ప్రిన్సిపాల్ గారు మొదలుపెట్టారు.

"ఇది దాని బయోడేటా అండీ" అన్నారు ప్రొఫెసరు గారు. "బయోడేటాలో నేను కూడా బాగా పరిగెత్తుతాను."

ఎవరి పరీక్షా మళ్ళీ పెట్టక్కర్లేకపోయింది. ఆ ఇరవై రెండు ప్రోగ్రాములూ అలాగే తీసి, తలుపుల్లేని కంప్యూటర్ల మీద నడిపాం. పదహారు మంది పాసయ్యారు. ఆరుగురివి నిజంగానే నెమ్మది, వాళ్ళు తప్పారు. ఆ ఆరుగురికీ చెప్పడం నాకు తేలికైంది, ఎందుకంటే అది కొలిచి చెప్పిన మాట. కండక్టరమ్మ కాగితం ఏప్రిల్ ఎనిమిదిన డిపోలో ఇచ్చింది. కుర్చీ వచ్చింది.

మొన్న చెప్పడానికొచ్చింది. సంతోషంగానే ఉంది. వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది.

"మేడమ్, ఒకటి అడుగుతా ఏమీ అనుకోకండి. ఆ రోజు నేనొచ్చినప్పటికే మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పొచ్చుగా మరి. నెల పైన నా బుర్రే మొద్దనుకున్నా. పిల్లల ముందు పుస్తకం తియ్యడం కూడా మానేశాను."

"చెప్పాల్సింది" అన్నాను. ఆవిడ తలూపి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళింది. నన్ను క్షమించిందో లేదో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక నా సంగతి. ల్యాబ్ నా చేతి నుంచి తీసేశారు. శాఖకి హెడ్డుగా ఇంకొకరి పేరు వెళ్ళింది. నా బల్లని స్టోర్ రూమ్‌లోకి మార్చారు, చుట్టూ ఊడదీసిన పెట్టె తలుపులు. కంప్యూటర్లను సరిచూడకుండా సంతకం ఎందుకు పెట్టానో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో ఇచ్చారు. ఇచ్చాను. ఎలా చూశానో, అరనిమిషం లెక్కతో సహా రాశాను.

ప్రిన్సిపాల్ గారు పిలిచి, మళ్ళీ ఆ జాలి గొంతుతోనే, "ఇందులో ‘పొరపాటున’ అని ఒక్క మాట చేర్చండి మేడమ్. ఫైలు మూసేస్తాను. హెడ్డు సంగతి కూడా వచ్చే ఏడు చూద్దాం" అన్నారు.

ఆ మాట చుట్టూ ఒక రోజంతా తిరిగాను. చిన్న మాటే. రాస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ పొరపాటు అంటే ఒకసారి జారడం కదా వదినా. స్టోర్ రూమ్‌లో పాత ఫైళ్ళు నా పక్కనే ఉన్నాయి, తీసి చూశాను. పన్నెండేళ్ళ ఫారాలు. అన్నిటి మీదా అదే "సరిచూడబడినది", అదే అరనిమిషపు టిక్కులు. నాకు ముందు ల్యాబ్ ఇన్‌ఛార్జి ఎవరనుకున్నావు? ఆయనే. ఆయన సంతకం నాకంటే అందంగా ఉంటుంది.

"పొరపాటున" అన్న చోట "అలవాటుగా" అని రాశాను. పాత ఫారాల నకళ్ళు కలిపి కుట్టి పంపాను. ఆ మాట మార్చి ఇమ్మని కాగితం తిరిగొచ్చింది. అదే మాటతో మళ్ళీ శుభ్రంగా రాసి పంపాను. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ మాట కింద ఎర్రగీత. ఇవాళ పొద్దున మూడోసారి తిరిగొచ్చింది.

స్టోర్ రూమ్ కదా వదినా. ఇక్కడ తెల్లకాగితాలకేమీ కొదవ లేదు.

నీ మరదలు